పొట్టి ఏరియల్‌కు పొడుగు తోక

నలభై మీటర్ల బ్యాండులో, అంటే 7 మెగాహెర్ట్జ్ పరిసరాల్లో, పనిచేసే రేడియోను చేతిలో ఇమిడేటట్టు చెయ్యడం పెద్ద కష్టం కాదు. దానికి తగిన ఏరియల్ కట్టడమే కష్టం. 1990ల తొలినాళ్లలో తెనాలి చుట్టుపక్కల హామ్ రేడియో (లైసెన్సు తీసుకుని సరదాకు సొంత రేడియోతో సంకేతాలు పంపే పని) మోజులో పడిన మా కొద్దిమందికి ఈ సంగతి చేతులతో చేసి చూశాకనే బోధపడింది. రెండు మీటర్ల బ్యాండులో వాడే హ్యాండీకి (చేతి రేడియోకు) జానెడు రబ్బరు ఏరియల్ సరిపోతుంది, ఎందుకంటే 145 మెగాహెర్ట్జ్ దగ్గర తరంగంలో పావు వంతు అరమీటరే ఉంటుంది. అదే 7 మెగాహెర్ట్జ్ దగ్గరికి వచ్చేసరికి తరంగం పొడవు 42 మీటర్లకు పెరుగుతుంది, అందులో పావు వంతు అంటే పది మీటర్ల పైమాటే. మూడంతస్తుల మేడ ఎత్తున నిలబడవలసిన తీగ చేసే పనిని, మనిషి చేతిలోని అయిదడుగుల ఊచ చేత చేయించడమే మేము తలకెత్తుకున్న పని. నా జీవితంలో ఇన్నేళ్లపాటు ఇంత ఇష్టంగా వెంటాడిన పని మరొకటి లేదు.

ఆ రోజుల్లో జపాన్ వారి మిజుహో ఎంఎక్స్-7ఎస్ అనే రేడియో బొమ్మను ఒక పాత విదేశీ పత్రికలో చూశాను. నలభై మీటర్లలో రెండు వాట్లతో పనిచేసే ఆ చిన్న పెట్టెను వాకీటాకీలాగా చేతిలో పట్టుకుని మాట్లాడవచ్చునట. దాన్ని కొనే స్తోమత మాలో ఎవరికీ లేదు, కొందామన్నా దొరికే దారి లేదు. అందువల్ల అల్యూమినియం రేకుతో పెట్టె చేయించి, పాత ట్రాన్సిస్టర్ రేడియోలోని గ్యాంగ్ కండెన్సర్‌ను ట్యూనింగుకు పెట్టి, డైరెక్ట్ కన్వర్షన్ రిసీవరు, మోర్స్ (చుక్కలు, గీతల సంకేతాలు) పంపే రెండు వాట్ల ట్రాన్స్‌మిటరు అందులో ఇరికించాను. పెట్టె అడుగున ఎనిమిది పెన్సిల్ సెల్లు, పక్కన బొటనవేలితో నొక్కే చిన్న కీ, నెత్తిన ఒక బీఎన్‌సీ సాకెట్టు అమరాయి. ఆ సాకెట్టుకు ఏమి తగిలించాలన్నదే అసలు ప్రశ్న.

ఈ విద్యలో మాకు గురువు తంతి శాఖలో పనిచేసి రిటైరైన ఒక పెద్దాయన. అందరం ఆయనను మాస్టారు అనే పిలిచేవాళ్లం. తీగల మీద మోర్స్ పంపుతూ ఉద్యోగ జీవితమంతా గడిపిన ఆయన, రిటైరయ్యాక గాలిలో పంపడం మొదలుపెట్టారు. కాగితం, పెన్సిలు లేకుండా ఆయన ఏ పాఠమూ చెప్పేవారు కాదు. నా పెట్టె చూసి ముచ్చటపడి, "రేడియో బాగుంది నాయనా, దీనికి ఏరియల్ అర ఓమ్ అవుతుంది, అది గుర్తుపెట్టుకో" అన్నారు. ఆ అర ఓమ్ లెక్క ఏమిటో ఆ సాయంత్రమే విడమరచి చెప్పారు.

ఒకటిన్నర మీటరు ఊచను 7.1 మెగాహెర్ట్జ్ దగ్గర వాడితే, అది నిజంగా గాలిలోకి వదిలే శక్తికి లెక్కగట్టే నిరోధం, అంటే రేడియేషన్ రెసిస్టెన్సు, సుమారు అర ఓమ్ మాత్రమే. అదే ఊచ సుమారు 16 పికోఫారడ్ల కండెన్సర్‌లాగా ప్రవర్తిస్తుంది కనుక, 1400 ఓముల రియాక్టెన్సు, అంటే శక్తిని ఖర్చు చెయ్యకుండానే కరెంటును ఆపే గుణం, దారికి అడ్డం నిలుస్తుంది. దాన్ని రద్దు చెయ్యడానికి ఊచ మొదట్లో సుమారు 31 మైక్రోహెన్రీల కాయిల్ పెట్టాలి. ఆ కాయిల్‌ను ఎంత శ్రద్ధగా చుట్టినా, దాని క్యూ, అంటే కాయిల్ నాణ్యతను చెప్పే అంకె, 200 వచ్చిందనుకున్నా, తీగలోనే 7 ఓముల నష్టం ఉంటుంది. అర ఓమ్ దగ్గర ఖర్చయ్యేది గాలిలోకి వెళ్తుంది, ఏడు ఓముల దగ్గర ఖర్చయ్యేది కాయిల్‌ను వేడెక్కిస్తుంది. ఇక నేల వల్ల కలిగే నష్టం దీనికి అదనం, అది ఇరవై ఓములో, యాభై ఓములో, నిలబడిన చోటును బట్టి ఉంటుంది. మాస్టారు లెక్క ముగించి కింద గీత గీసేసరికి, నా రెండు వాట్లలో గాలికి చేరేది నలభై మిల్లీవాట్ల లోపేనని తేలింది. ఆ అంకెను చూసి నాకు నీరసం రాలేదు. ఆ నలభైని ఎలాగైనా అరవై చెయ్యాలన్న పట్టుదల మొదలైంది.

కాయిల్‌కు కావలసిన రాగి తీగ మోటార్లు రివైండింగ్ చేసే షాపులో దొరికేది. పొలాలకు నీళ్లు పెట్టే మోటార్లు కాలిపోయి వచ్చే ఆ షాపులో ఇనామిల్ తీగను గేజీ చెబితే తూకం వేసి ఇచ్చేవారు. 22 గేజీ తీగ, ప్లంబరు దగ్గర మిగిలిన అంగుళం పీవీసీ పైపు ముక్క, ఇంతే సరంజామా. తీగను చుట్టుకు చుట్టు ఆనించి చుడితే కాయిల్ పొందికగా కనిపిస్తుంది గాని, పక్కపక్క చుట్ల ప్రభావంతో నష్టం పెరుగుతుంది. మాస్టారు చెప్పిన ఉపాయం నాకు ఇప్పటికీ ఎంతో అందంగా అనిపిస్తుంది. రాగి తీగతో పాటు అదే మందం ఉన్న నైలాను దారాన్ని జంటగా పట్టుకుని పైపు మీద చుట్టాలి. చివర రాగి తీగను బిగించి కట్టాక, దారాన్ని మెల్లగా విప్పి తీసెయ్యాలి. అప్పుడు ప్రతి చుట్టుకూ పక్క చుట్టుకూ మధ్య దారమంత సందు, ఎక్కడా తేడా లేకుండా నిలుస్తుంది. చుట్లు కదలకుండా పైపు పొడవునా మూడు నాలుగు చోట్ల సన్నని గీతలాగా అరల్డైట్ రాసి, ఒక రాత్రి ఆరనివ్వాలి. వార్నిష్ పూసి మెరుగు పెట్టాలని చేయి ఊరుతుంది గాని, దానివల్ల కాయిల్‌కు ఒరిగేదేమీ ఉండదు.

అంగుళం పైపు మీద ఆనించి చుడితే ముప్పై అయిదు చుట్లకు అటూఇటూగా ఆ 31 మైక్రోహెన్రీలు వచ్చేస్తాయి, సందు విడిచి చుడితే మరికొన్ని కావాలి. ట్యూనింగులో చిక్కేమిటంటే, ఒక్క చుట్టు తీసేస్తే ఫ్రీక్వెన్సీ సుమారు 150 కిలోహెర్ట్జ్ పైకి జరిగిపోతుంది. అప్పట్లో మనకున్న బ్యాండు 7.0 నుంచి 7.1 మెగాహెర్ట్జ్ వరకు, అంటే మొత్తం వంద కిలోహెర్ట్జే. ఒక చుట్టు ఉంటే బ్యాండుకు దిగువన, తీస్తే ఎగువన పడే అవకాశం ఉందన్నమాట. అందుకని చుట్లతో దగ్గరికి తెచ్చి, చివరి సవరణ ఊచతో చేసేవాళ్లం. ఒకదానిలోకి ఒకటి దూరే టెలిస్కోపిక్ ఊచలో చివరి సన్న గొట్టాన్ని ఒక సెంటీమీటరు లోపలికి నెడితే ఇరవై పైచిలుకు కిలోహెర్ట్జ్ మారుతుంది. గోటితో నెడుతూ, చెవిలో రిసీవరు హోరు వింటూ ఉంటే, ఒక చోట ఆ హోరు గభాలున పొంగుతుంది, ఇంకొంచెం నెడితే తగ్గిపోతుంది. ఆ పొంగిన చోటే రెజొనెన్సు, అంటే ఊచ, కాయిల్ ఆ ఫ్రీక్వెన్సీకి సరిగ్గా కుదిరిన చోటు. మీటర్లేవీ లేకపోయినా చెవి ఒక్కటే చాలు, ఏరియల్‌ను నాలుగైదు మిల్లీమీటర్ల తేడాలో పట్టెయ్యవచ్చు. అయితే చేతిని ఊచ దగ్గరనుంచి తీయగానే ఆ చోటు కాస్త జరుగుతుంది, ఎందుకంటే మన చెయ్యి కూడా ఆ కండెన్సర్‌లో భాగమే. నెట్టడం, చేయి తీయడం, వినడం, మళ్లీ నెట్టడం, ఇలా సాగుతుంది ఆ పని.

ఇక ఈ వ్యాసానికి నేను పేరు పెట్టిన తోక సంగతికి వస్తాను. ఏ నిలువు ఏరియల్‌కైనా రెండో సగం ఒకటి ఉండాలి. పెద్ద స్టేషన్లలో నేలలో పాతిన రేడియల్ తీగలు ఆ పని చేస్తాయి. చేతిలో పట్టుకున్న రేడియోకు ఆ రెండో సగం పెట్టె, దాన్ని పట్టుకున్న మనిషి ఒళ్లు మాత్రమే. ఇది చాలా బలహీనమైన రెండో సగం. రేడియో పెట్టెకు ఒక స్క్రూ బిగించి, దానికి పది మీటర్ల ప్లాస్టిక్ తొడుగు తీగ కట్టి నేల మీద వదిలితే, అదే తోక. నడుస్తూ మాట్లాడితే అది వెనకాల ఈడ్చుకుంటూ వస్తుంది. కాలువ గట్టు మీద సాయంత్రం పూట ఇంటికి మళ్లే గేదెలు దాన్ని తొక్కినప్పుడల్లా రిసీవరులో టకటకమని శబ్దం వినిపించేది.

మాస్టారు ఒక ఆదివారం గట్టు మీద చూపించిన ప్రయోగం నా ఆలోచననే మార్చింది. ఆయన దగ్గర ఒక ఫీల్డ్ స్ట్రెంత్ మీటరు ఉండేది. అది ఒక జెర్మేనియం డయోడు, వంద మైక్రోఆంపియర్ల మీటరు, అడుగు పొడవు తీగ, అంతే. దాన్ని దూరంగా ఒక తుమ్మచెట్టు మొదట్లో పెట్టి, నా పెట్టెకూ ఏరియల్‌కూ మధ్య ఎస్‌డబ్ల్యూఆర్ మీటరు, అంటే ఏరియల్ రేడియోకు ఎంత చక్కగా జత కుదిరిందో చూపే మీటరు, తగిలించారు. తోక లేకుండా కీ నొక్కితే ఎస్‌డబ్ల్యూఆర్ దాదాపు ఒకటికి ఒకటి చూపించింది. పుస్తకాల ప్రకారం అంతకన్నా మంచి ఏరియల్ ఉండకూడదు. అప్పుడు తోక కట్టి, ఊచను మళ్లీ ట్యూన్ చేసి కీ నొక్కమన్నారు. ఎస్‌డబ్ల్యూఆర్ రెండుకు ఎగబాకింది. చెట్టు దగ్గరున్న మీటరు ముల్లు మాత్రం ఇందాకటి కన్నా బాగా పైకి లేచింది. "మీటరు నీ పెట్టె సంగతి చెబుతుంది నాయనా, అవతలి స్టేషను సంగతి ఆ ముల్లు చెబుతుంది" అన్నారాయన.

కారణం పైన చెప్పిన లెక్కలోనే ఉంది. తోక లేనప్పుడు నేల నష్టం నలభైకి పైగా ఓములు, దానికి కాయిల్ ఏడు, ఊచ అర కలిపితే యాభై అవుతుంది. రేడియో కోరేది యాభై ఓములే కనుక మీటరు సంతోషంగా ఒకటి చూపిస్తుంది. తోక కట్టాక నేల నష్టం సగానికి పైగా తగ్గి, మొత్తం పాతిక ఓముల దగ్గరికి వస్తుంది. యాభైకి పాతిక అంటే ఎస్‌డబ్ల్యూఆర్ రెండు. నష్టం తగ్గినందువల్లే మీటరు చెడ్డగా చూపిస్తున్నది, ఏరియల్ చెడినందువల్ల కాదు. ఆ తేడాను కాయిల్ అడుగు చుట్ల మీద ఒక ట్యాపు (మధ్యనుంచి తీసే కొస) తీసో, మొదట్లో ఒక కండెన్సర్‌ను అడ్డంగా పెట్టో సరిదిద్దుకోవచ్చు. బ్యాండు వెడల్పు సంగతీ అంతే. ఎక్కడ ట్యూన్ చేసినా బాగానే పనిచేస్తుందని ఎవరైనా పొట్టి ఏరియల్‌ను మెచ్చుకుంటే నాకు వెంటనే అనుమానం కలుగుతుంది. మంచి పొట్టి ఏరియల్ ఇరుకుగా ఉండి తీరాలి. కాస్త జరిగితే చాలు, పడిపోవాలి. వెడల్పుగా ఉన్నదంటే, ఎక్కడో వేడిగా మారిపోతున్నదని అర్థం. నేటికీ అంగళ్లలో అమ్మే పొట్టి ఏరియళ్ల పెట్టెల మీద ఎస్‌డబ్ల్యూఆర్ అంకె ఒక్కటే గొప్పగా అచ్చువేస్తారు, అది చూసి కొనే కుర్రవాళ్లకు ఈ మాట గట్టిగా చెప్పాలనిపిస్తుంది.

కాయిల్‌ను ఊచ మొదట్లో కాకుండా మధ్యలో పెడితే ఊచ కింది సగంలో కరెంటు నిండుగా పారుతుంది, రేడియేషన్ రెసిస్టెన్సు దాదాపు రెట్టింపవుతుంది. కాని కాయిల్ కూడా దాదాపు రెట్టింపు కావాలి, పైగా ఆ బరువంతా గాలికి ఊగుతుంది. బీఎన్‌సీ సాకెట్టులోని మధ్య సూది అంత ఊపును భరించలేదు. పెట్టె వీపుకు ఒక రేకు పట్టీ బిగించి, ఊచ బరువు దాని మీద పడేటట్టు చేశాక గాని ఆ బెడద తీరలేదు. ఊచ కొనకు సైకిల్ చువ్వలతో చక్రంలాంటి టోపీ పెట్టడం మరో దారి. టోపీ వల్ల కెపాసిటెన్సు పెరుగుతుంది, కాయిల్ చిన్నదవుతుంది, నష్టం తగ్గుతుంది. ఈ మూడింటిలో మొదట ఏది చెయ్యాలని ఎవరైనా అడిగితే, తోక, ఆ తరవాత టోపీ, చివరగా కాయిల్‌ను పైకి జరపడం అని చెబుతాను.

రెండు వాట్లే కదా అని ఊచను తాకకూడదు. అంత చిన్న కరెంటు 1400 ఓముల రియాక్టెన్సు మీదుగా పారినప్పుడు కాయిల్ పై కొన దగ్గర మూడు నాలుగు వందల వోల్టులు నిలుస్తాయి. కరెంటు పని చేసేవాళ్ల టెస్టరులోని నియాన్ బల్బును విడదీసి కాయిల్ పైన ఊచకు ఆనించి పట్టుకుంటే, కీ నొక్కినప్పుడల్లా నారింజ రంగులో వెలుగుతుంది. మునిమాపు వేళ దానితోనే ట్యూన్ చేసిన రోజులున్నాయి, వెలుగు ఎక్కువైన చోటే సరైన చోటు. వేలు తగిలితే మాత్రం చర్మం మీద తెల్లటి చుక్కలా కాలిన మచ్చ పడుతుంది, అది మానడానికి చాలా రోజులు పడుతుంది.

గట్టు మీద నుంచి కలకత్తా స్టేషను వినిపించి, నా సంకేతాలు వాళ్లకు అందిన సాయంత్రం కలిగిన ఆనందం చెప్పనలవి కాదు. చిత్రమేమిటంటే, అదే ఏరియల్‌తో హైదరాబాదు వాళ్లు నన్ను పట్టుకోవడానికి ఎంతో శ్రమపడేవారు. నిలువు ఊచ నెత్తి మీదికి ఏమీ పంపదు, చుట్టూ వాలుగా పంపుతుంది. రెండు మూడు వందల కిలోమీటర్ల దూరానికి కావలసిన తరంగం దాదాపు నిట్టనిలువుగా పైకి వెళ్లి, పై వాతావరణంలోని అయనోస్పియరు పొర మీద తగిలి కిందికి దిగాలి. అందువల్ల పక్క జిల్లాతో మాట్లాడాలంటే ఊచ పనికిరాదు, తోకనే పైకెత్తాలి. ఆ పది మీటర్ల తీగ కొనకు ఒక రాయి కట్టి వేపకొమ్మ మీదికి విసిరి, ఏటవాలుగా నిలిపి, మరో పది మీటర్లు నేల మీద పరిస్తే, పగటిపూట విజయవాడ, హైదరాబాదు, మద్రాసు అన్నీ గదిలో కూర్చున్నంత దగ్గరగా పలికేవి. తుపాను వేళ ఒక జిల్లా నుంచి మరో జిల్లాకు కబురు పంపవలసి వస్తే కావలసింది ఈ అమరికే కనుక, మా సంచిలో ఊచతో పాటు తీగ చుట్ట ఎప్పుడూ ఉండేది.

ఉద్యోగం మీద హైదరాబాదు వచ్చాక నేల విలువ తెలిసింది. మౌలాలి గుట్ట ఎక్కితే ఊరంతా కనిపిస్తుంది, ఏరియల్‌కు అంతకన్నా మంచి చోటు ఉండదనిపిస్తుంది. కాని ఆ గ్రానైటు రాయి విద్యుత్తును సరిగా ప్రసరింపనివ్వదు, నిలువు ఊచ వదిలే తరంగంలో చాలా భాగాన్ని ఆ రాయే మింగేస్తుంది. డెల్టా నల్లరేగడిలో, నీళ్లు నిండిన వరిమడి పక్కన, అదే ఊచ అంతకన్నా ఎంతో మెరుగ్గా పనిచేసేది. ఇక బాపట్ల దగ్గర సూర్యలంక తీరంలో, అలలు పాదాలను తడిపే చోట నిలబడి, తోకను ఉప్పునీటిలోకి వదిలి కీ నొక్కితే, ఆ రెండు వాట్ల పెట్టే వేరే పెట్టెలాగా పలికింది. తూర్పున బంగాళాఖాతం మీదుగా వచ్చే స్టేషన్లు అంత స్పష్టంగా నాకు మరెక్కడా వినిపించలేదు. సముద్రపు నీరు మంచి నేల కన్నా వంద రెట్లకు పైగా విద్యుత్తును ప్రసరింపజేస్తుందని పుస్తకంలో చదవడం వేరు, దాన్ని చెవితో వినడం వేరు.

2004 డిసెంబరు 26న సునామీ వచ్చినప్పుడు, హైదరాబాదులోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో తరఫున భారతి ప్రసాద్ గారి బృందం అప్పటికే అండమాన్‌లో ఉండి, పోర్ట్‌బ్లెయిర్ నుంచి హెచ్‌ఎఫ్ (దూరాలకు వెళ్లే షార్ట్‌వేవ్) మీద కబుర్లు అందించింది. ఆ తరవాత మా ఇళ్లలో ఈ తీగలెందుకని అడిగేవాళ్లు లేకపోయారు.

హైదరాబాదుకే చెందిన అష్హర్ ఫర్హాన్ గారు రూపొందించిన బిట్‌ఎక్స్ రేడియో మా పనిని ఎంతో సులువు చేసింది. అంగట్లో దొరికే మామూలు సామాను పెట్టి, కుళాయి వాషర్ల మీద కాయిళ్లు చుట్టి మాటలు పంపగల రేడియోను ఇంట్లోనే చేసుకోవచ్చని ఆయన చూపించారు. 2016 చివర్లో బిట్‌ఎక్స్ 40 బోర్డు తయారుగా దొరకడం మొదలయ్యాక, దాన్ని భుజానికి వేలాడే పెట్టెలో అమర్చి, మోర్స్‌కు బదులు మాటతో పిలవడం మొదలుపెట్టాను. మాటకు మోర్స్ కన్నా ఎక్కువ బలమైన సంకేతం కావాలి కనుక, ఏరియల్ మీద పెట్టే శ్రద్ధ మరింత పెరిగింది. అప్పటికి బ్యాండు కూడా 7.2 మెగాహెర్ట్జ్ దాకా విస్తరించి ఉండడంతో, ఊచ సవరించవలసిన అవసరమూ పెరిగింది.

ఇటీవలి సంవత్సరాలలో నానోవీఎన్‌ఏ వచ్చింది. అగ్గిపెట్టె కన్నా కాస్త పెద్దదైన ఆ పరికరం తెర మీద ఏరియల్ గుణగణాలన్నీ గీతలుగా చూపిస్తుంది, మాస్టారు ఉంటే ఎంత సంబరపడేవారో. కాని దానితో కొలిచే పద్ధతిలో ఒక జాగ్రత్త ఉంది. పరికరాన్ని మీటరు పొడవు కేబులుతో ఏరియల్‌కు తగిలించి, ఇంకో తీగతో ల్యాప్‌టాప్‌కు కలిపితే, ఆ కేబుళ్లే తోకగా మారి లెక్కను తారుమారు చేస్తాయి. రేడియో పెట్టె ఉండే చోటే దాన్ని పెట్టి, బ్యాటరీ మీద నడిపించి, మాట్లాడేటప్పుడు పట్టుకున్నట్టే చేత్తో పట్టుకుని, తోకను ఎప్పటిలాగే నేల మీద పరిచి కొలవాలి. తడి గడ్డి మీద ఒక అంకె, ఎండిన మట్టి మీద మరొక అంకె వస్తుంది. రెండూ నిజమే. అందుకే నేను కొలిచిన ప్రతిసారీ నేల ఎలా ఉందో కూడా పుస్తకంలో రాసుకుంటాను.

ప్రస్తుతం బల్ల మీద 80 మీటర్ల కాయిల్ ఉంది. 3.6 మెగాహెర్ట్జ్ దగ్గర అదే ఒకటిన్నర మీటరు ఊచ రేడియేషన్ రెసిస్టెన్సు ఓములో ఎనిమిదో వంతుకు పడిపోతుంది. రియాక్టెన్సు 2700 ఓములు దాటుతుంది, కాయిల్ 120 మైక్రోహెన్రీలు కావాలి. అంగుళం పైపు మీద అన్ని చుట్లు చుడితే నష్టం మరీ ఎక్కువవుతుంది కనుక రెండంగుళాల పైపు తీసుకున్నాను, తోక కూడా ఇరవై మీటర్లు అవుతుంది. కొనకు టోపీ తప్పదు. అది ఎంత పెద్దదైతే కాయిల్ అంత చిన్నదవుతుంది గాని, చేతిలో పట్టుకునే ఊచ మీద ఎంత బరువు నిలుస్తుందన్నది చేసి చూస్తే గాని తేలదు. ముందు ఆరు చువ్వలతో మొదలుపెడుతున్నాను.